మూడో ప్రశ్న

మా ఉదయగిరి సంఘంలో నెలకొకసారి, మొదటి ఆదివారం, యేసు చివరి విందు గుర్తుగా ప్రభువు బల్ల ఆచరిస్తారు. బేకరీ రొట్టెను అంచులు తీసేసి చిన్న చిన్న ముక్కలుగా కోసి, స్టీలు పళ్లెంలో పెట్టి తెల్లగుడ్డ కప్పుతారు. సంఘపెద్దలు వరసల వెంబడి నడుస్తూ ఒక్కొక్కరి ముందూ పళ్లెం చాపుతారు. బాప్తిస్మం పొందినవాళ్లు ఒక ముక్క తీసుకుంటారు. పొందనివాళ్లు చూస్తూ కూర్చుంటారు. మాది బాప్టిస్టు సంఘం. పసిబిడ్డల తలమీద నీళ్లు చల్లే పద్ధతి మాకు లేదు. తెలివొచ్చాక తానే లేచి, నమ్ముతున్నానని నలుగురి ముందు చెప్పినవాళ్లనే నీళ్లలో ముంచుతారు.

నా కొడుకు దయాసాగర్‌కి ఈ సంగతి జరిగేనాటికి ఇరవై మూడేళ్లు. వాడి గడ్డం నేనే గీసేవాణ్ణి. పుట్టినప్పుడు వాడు ఏడవడం ఆలస్యమైంది. ఒళ్లు అందరిలాగే పెరుగుతుంది, మనసు మాత్రం అయిదేళ్ల దగ్గర ఆగిపోతుంది అని మద్రాసులో డాక్టరు చెప్పాడు. ఆ మాట మాతో చెప్పేముందు ఆయన సొరుగులోంచి ఒక బిస్కెట్టు తీసి వాడి చేతిలో పెట్టాడు. ఆ బిస్కెట్టు నాకు ఇంకా గుర్తుంది.

నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో శిశువికాసం చెప్పేవాణ్ణి. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో తిరిగొచ్చేవాణ్ణి. ఏడాది మొదట్లో నల్లబల్ల మీద మెట్లు గీసేవాణ్ణి. అడుగు మెట్టు మీద శైశవం, ఆ పైన బాల్యం, కౌమారం, యౌవనం, నడివయసు, అన్నిటికన్నా పైన వృద్ధాప్యం. ఒక్కో మెట్టు మీద మనిషి ఒక్కో సంగతి నేర్చుకుంటాడు. బిడ్డ చూస్తుండగా గిలక్కాయను గుడ్డ కింద దాస్తే, మరీ పసిబిడ్డ అయితే అంతటితో మరిచిపోతుంది. ఏడాది నిండే వేళకి గుడ్డ లాగి వెతుక్కుంటుంది. కంటికి కనబడకపోయినా వస్తువు ఉంటుందని దానికి తెలిసిపోయిందన్నమాట. నాలుగైదేళ్ల పిల్లవాడి ముందు ఒక రొట్టెను విరిచి రెండు చేస్తే, ఎక్కువైందని సంతోషిస్తాడు. ముక్కలు చేసినంత మాత్రాన పెరగదని తెలియడానికి ఇంకొన్నేళ్లు పట్టాలి. పాపం, న్యాయం, మరణం లాంటి, చేతికి అందని మాటల్ని పట్టుకుని ఆలోచించడం పన్నెండేళ్ల ప్రాంతంలో మొదలవుతుంది.

నా పాఠం బాగుంటుందని పిల్లలు అనేవాళ్లు. ఒకే మెట్టు మీద నిలబడిపోయిన వాణ్ణి రోజూ ఇంట్లో చూసేవాడికి ఆ పాఠం చెప్పడం కష్టమేమీ కాదు.

*

నా భార్య ఏంజెలిన్ తొంభై అయిదు వానాకాలంలో కామెర్లతో పోయింది. ఆత్మకూరు ఆసుపత్రిలో చూపిద్దామని ఇద్దరం బస్సెక్కాం. మా ఎదురింట్లో కొయ్య గరిటెలు చేస్తారు. మొగుడు చెక్కుతాడు, దేవకమ్మ ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేస్తుంది. ఆ దేవకమ్మ పక్కన నిలబడి సాగర్ వాళ్లమ్మకి చెయ్యి ఊపాడు. నాలుగు రోజుల తర్వాత ఏంజెలిన్‌ని వ్యానులో తీసుకొచ్చాం.

"వాడు తట్టుకోలేడు. వాడికి చూపించబాకండి" అంది మా అత్త ఎస్తేరమ్మ. సరేనన్నాను. సమాధి అయ్యేదాకా దేవకమ్మ వాణ్ణి తన ఇంట్లోనే పెట్టుకుంది. అమ్మ పరలోకానికి పోయిందని తర్వాత అందరం చెప్పాం. వాడు బుద్ధిగా తల ఊపాడు. కానీ వాడు కళ్లతో చూసింది ఆత్మకూరు బస్సు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం బస్టాండుకొచ్చేవాడు. నేను దిగగానే నా సంచీ అందుకునేవాడు. అందుకుని నా వెనక చూసేవాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి, తల లోపలికి పెట్టి, సీట్లన్నీ చూసేవాడు. వాడు తల బయటికి తీసేదాకా కండక్టరు విజిలు వేసేవాడు కాదు. ఆ కండక్టరు పేరు నాకు తెలియదు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

ఏంజెలిన్ పోయాక వచ్చిన మొదటి ఆదివారం, సాగర్ నాతో పాటు మగవాళ్ల వైపు కూర్చున్నాడు. అంతకుముందు ఆడవాళ్ల వైపు చాప మీద వాళ్లమ్మ పక్కనే కూర్చునేవాడు. అంత పొడుగు మనిషి అక్కడ కూర్చున్నా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. పళ్లెం వచ్చింది. నేను ముక్క తీసుకుని కళ్లు మూసుకుని నోట్లో వేసుకున్నాను. కళ్లు తెరిచేసరికి సాగర్ నా వైపు చెయ్యి చాపి ఉన్నాడు. కాసేపు చూశాడు. తర్వాత పెద్దగా ఏడ్చాడు. ఏమైందో నాకు అర్థం కాలేదు.

"సగం పెట్టేది వాడికి" అంది ఇంటికొచ్చాక ఎస్తేరమ్మ. "చిన్నప్పట్నించీ. నువ్వు కళ్లు మూసుకుని ఉంటివి, నీకేం తెలుస్తాది."

మా అత్తకి డెబ్బై దాటాయి. పక్కవీధిలో ఉండేది, కూతురు పోయాక మా ఇంటికే వచ్చేసింది. నన్ను పేరు పెట్టే పిలుస్తుంది.

మరుసటి నెల నేను కూడా సగం విరిచి వాడి అరచేతిలో పెట్టాను. గుడంతా నిశ్శబ్దంగా ఉంది. సాగర్ తన చేతిలో ముక్కనీ నా చేతిలో ముక్కనీ మార్చి మార్చి చూశాడు. మొహం విప్పారింది.

"రెండు" అన్నాడు, అందరికీ వినబడేలా.

ఏంజెలిన్ ఉన్నప్పుడు కూడా అలాగే అనేవాడట. ఆమె పైటకొంగు వాడి నోటికి అడ్డం పెట్టేదట. ఆడవాళ్ల వైపు చంటిపిల్లల గోలలో అది కలిసిపోయేది. మగవాళ్ల వైపు ఆ పాటి సందడి కూడా ఉండదు.

*

ఆ వారంలోనే పాస్టరు ప్రేమానందం మా ఇంటికొచ్చాడు. పాస్టరు కాకముందు అతను ఆత్మకూరులో నా దగ్గర చదువుకున్నాడు. గుళ్లో అందరూ అతనికి లేచి నిలబడతారు. మా ఇంట్లో మాత్రం నేను కూర్చోమంటే గానీ కూర్చోడు.

"సార్, మీతో ఎట్ట చెప్పాల్నో తెలవడంలా" అన్నాడు. "సంఘపెద్దలు రాజమోహన్ గారూ వాళ్లూ అడుగుతుండారు. సారు కొడుక్కి పెడితే మా పిల్లోళ్లు ఏం పాపం చేసినారు అని."

"ఏంజెలిన్ పెట్టేది గదయ్యా ఇన్నేళ్లూ."

"అమ్మ పెట్టేది నాకు తెలుసు సార్. చూడనట్టు ఉండేవాణ్ణి. ఇప్పుడేమో చూసినట్టయింది."

నేను మంచినీళ్ల గ్లాసు అతని వైపు జరిపాను. అతనే మళ్లీ అన్నాడు.

"ఆ ఉజ్జీవ కూటాలప్పుడు ఎనిమిదేళ్ల పిల్లోళ్లు కొత్తబట్టల కోసం నీళ్లలో దిగితే గదా సార్, ఇట్ట కాదు, అర్థమైనోళ్లకే బాప్తిస్మమని నిబంధన పెట్టుకున్నాం. పన్నెండుకి ముందు అర్థం కాదని మీ క్లాసులో విన్నదే నేను సంఘంలో చెప్పినా. నాకు వేరే ఏం తెలుసు."

"మావాడు పన్నెండు దాటినాడు గదా" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అతను కూడా నవ్వబోయి తల దించుకున్నాడు.

"ఒక పని చేద్దాం సార్. మట్టల ఆదివారం నాడు బాప్తిస్మానికి పేర్లిచ్చిన వాళ్లని అడుగుతాం గదా. సాగర్ని కూడా నిలబెట్టండి. నాలుగు మాటలు వాడి నోటితో చెప్తే సంఘం చేతులెత్తుతాది. ఇంగ ఎవురూ నోరెత్తరు. ఏమేం అడుగుతానో ముందే చెప్తా మీకు."

లోపలినుంచి ఎస్తేరమ్మ వచ్చింది. "నోటితో చెప్పడమే గదా. నోరు వాడికీ ఉండాది. నేను నేర్పిస్తా" అంది.

ప్రశ్నలు ఆరు. నీ పేరేంది. నిన్ను చేసింది ఎవురు. పాపమంటే ఏంది. నీకోసం చనిపోయింది ఎవురు. ఆయన ఇప్పుడు యాడుండాడు. బాప్తిస్మం తీసుకోవాలని ఉండాదా. సంక్రాంతి వెళ్లినప్పట్నుంచీ రోజూ సాయంత్రం, బస్టాండునుంచి ఇంటికొచ్చాక, వీధి అరుగు మీద వాణ్ణి కూర్చోబెట్టి ఎస్తేరమ్మ అడిగేది. ఒక్కో జవాబుకీ ఒక్కో వేయించిన శనగకాయ. దయాసాగర్. దేవుడు. దేవుని మాట వినకపోవడం. యేసయ్య. పరలోకంలో. ఉండాది.

మూడోది వాడికి కొరుకుడు పడేది కాదు. దేవుని మాట దాకా వచ్చి ఆగేవాడు. అవ్వ చేతిలో శనగకాయ వైపు చూసేవాడు. నెలన్నర పట్టింది. నేర్చుకున్నాక మాత్రం దాని మీదే వాడికి ప్రేమ. అన్నిటికన్నా గట్టిగా అదే చెప్పేవాడు.

నాకు తెలుసు వాడు నేర్చుకున్నది ఏమిటో. వాడు ప్రశ్నలు వినడం లేదు. అవ్వ గొంతు ఆగినప్పుడల్లా తర్వాతి మాట అంటున్నాడు. ఇట్లాంటి చదువు పిల్లలకి చెప్పొద్దని నా క్లాసులో పదే పదే చెప్పేవాణ్ణి. అరుగు మీద మాత్రం నేను నోరు విప్పలేదు. మూడో జవాబు మొదటిసారి తప్పు లేకుండా చెప్పిన రోజు వాడు లేచి నిలబడి తన చేతులు తానే కొట్టుకున్నాడు. ఏంజెలిన్ పోయాక ఎస్తేరమ్మ నవ్వడం అదే మొదలు. వాళ్లిద్దరికీ నేనేం చెప్పాలి.

ఎదురింటి దేవకమ్మ గరిటెలు రుద్దుకుంటూ అంతా వినేది.

"నాకూ వచ్చేసినాయి సార్ అన్నీ" అంది ఒకరోజు. "నన్ను గూడా ముంచుతాడేమో మీ పాస్టరయ్యగారు."

"పేరియ్యి, ముంచుతాడు" అంది ఎస్తేరమ్మ.

"మా గుళ్లో చెయ్యి చాపితే పెడతారమ్మా ప్రసాదం. పరీక్ష పెట్టి, పాసైతేనే పెట్టేది మీ కాడే చూసినా."

"నీకేం తెలుసులే, రుద్దుకో" అంది మా అత్త. కానీ ఆ రోజు ఆమె దగ్గర మిగిలిన శనగకాయలన్నీ దేవకమ్మకే పంపింది.

*

ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి ఎండలు ముదిరాయి. ఆరాధన అయ్యాక పేర్లిచ్చిన వాళ్లు ముందు వరసగా నిలబడ్డారు. అందరూ పదిహేను పదహారేళ్ల పిల్లలు. చివర్న సాగర్, అందరికన్నా జానెడు ఎత్తుగా, కొత్త తెల్లచొక్కాలో. ఒక్కొక్కరినీ అడగడం, వాళ్లు సాక్ష్యం చెప్పడం, సంఘం చేతులెత్తడం. వాడి వంతు వచ్చేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతున్నాడు. నన్ను వెతుక్కున్నాడు. చెయ్యి ఎత్తి చూపించాను. కుదుటపడ్డాడు.

"నీ పేరేంది నాయనా?" అన్నాడు ప్రేమానందం.

"దయాసాగర్."

"నిన్ను చేసింది ఎవురు?"

"దేవుడు."

ప్రేమానందం వాడి మొహం చూశాడు. చెమట కారుతోంది. పెదవులు కదులుతున్నాయి. అతను ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆ చూపు చూసి, అతనేం చేయబోతున్నాడో నాకు తెలిసిపోయింది. పిల్లవాడు అలిసిపోయాడు, కష్టమైన మూడో ప్రశ్న వదిలేద్దాం అనుకున్నాడు. జాలిపడ్డాడు. అయ్యా, వదిలెయ్యబాకు, అది అడుగు అని అరవాలనిపించింది. గుళ్లో అట్లా అరవడం నావల్ల కాలేదు.

"నీకోసం చనిపోయింది ఎవురు?"

"దేవుని మాట వినకపోవడం" అన్నాడు సాగర్, గట్టిగా, వాడికి ఇష్టమైన జవాబు కాబట్టి.

ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. ప్రేమానందం తడబడ్డాడు. ఆగి వెనక్కి పోవలసింది. ముందుకి పోయాడు.

"ఆయన... ఆయన ఇప్పుడు యాడుండాడు?"

"యేసయ్య."

"బాప్తిస్మం తీసుకోవాలని ఉండాదా నాయనా?"

"పరలోకంలో."

ఆ తర్వాత ఇంక ప్రశ్నలు లేవు. వాడి దగ్గర ఒక మాట మిగిలిపోయింది. వాడు ఎదురుచూశాడు. ఎవరూ అడగలేదు. ఆఖరికి తనే అన్నాడు.

"ఉండాది" అన్నాడు. "ఉండాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దల బెంచీలోంచి రాజమోహన్ లేచాడు. ఈ నిబంధన గట్టిగా పాటించాలని అడిగిన మనిషి ఆయనే. కానీ వాణ్ణి అట్లా చూడలేకపోయాడని నేను సాక్ష్యం చెప్పగలను. గొంతు తగ్గించి, ఇంటిపిల్లవాడితో మాట్లాడినట్టు అడిగాడు.

"సాగరూ, మీ అమ్మ యాడుండాది రా?"

ఎవరికైనా తెలిసిన జవాబు. అది కూడా వాడికి నేర్పిందే. పరలోకంలో అంటే చాలు, దాన్ని పట్టుకుని ఒడ్డుకి లాగుదామని ఆయన ఆశ. కానీ ఆ మాట వాడు అప్పుడే వాడేశాడు. ఇప్పుడు మొదటిసారి ఒక ప్రశ్నని నిజంగా విన్నాడు. నిజమైన జవాబే చెప్పాడు.

"ఆత్మకూరులో" అన్నాడు, నవ్వుతూ.

రాజమోహన్ కూర్చుండిపోయాడు. ప్రేమానందం పుస్తకం మూసి రెండు చేతులతో పట్టుకుని నా వైపు తిరిగాడు.

"వరప్రసాదం సార్, మనలో ఈ సంగతులు చదువుకున్న వాళ్లు మీరు. వీడికి అర్థమైందని మీరంటే సంఘానికి అదే చాలు. మీ మాట మీద చేతులెత్తుతాం."

ఆ మాటతో అతను నాకు తలుపు తీసి పట్టుకున్నట్టయింది. నేను నడిచి పోవడమే మిగిలింది. లేచి నిలబడ్డాను. అటువైపు చాప మీంచి ఎస్తేరమ్మ నన్నే చూస్తోంది. ఔను అనమని ఆమె కళ్లు అంటున్నాయి. ఒక్క మాట. సాగర్ కూడా నన్నే చూస్తున్నాడు. వాడి మొహంలో భయం లేదు. జవాబులన్నీ చెప్పేశాడు కదా, ఇప్పుడు శనగకాయలు రావాలి.

"అర్థమైందని నేను చెప్పలేనయ్యా" అన్నాను. "వాడికి ఆ ముక్క కావాలని మాత్రం చెప్పగలను."

కూర్చున్నాను.

"ఇంకొంత కాలం చూద్దాం సార్" అన్నాడు ప్రేమానందం, మెల్లగా. బయటికొచ్చాక ఒకరి తర్వాత ఒకరు నా చెయ్యి పట్టుకున్నారు. వచ్చే ఏడు తప్పకుండా అవుతాది సార్ అన్నారు. అందరూ మంచి మనసుతోనే అన్నారు. అది పెరిగే పిల్లల తల్లిదండ్రులతో అనే మాట. నేను తల ఊపాను.

*

"ఒక్క అబద్ధం ఆడలేకపోతివా వరప్రసాదం" అంది ఎస్తేరమ్మ ఇంట్లో. గొంతు పెంచలేదు. "నా బిడ్డ ఇన్నేళ్లు సగం తిని సగం పెట్టింది వాడికి."

"ఒకసారి వాడి కాడ దాచినాం గదత్తా. బస్సు కాడ రోజూ చూస్తుండా దాని ఫలితం. మళ్లీ వాణ్ణి గురించి ఇంకొకటి దాచేదానికి నాకు చేత కాలా."

"నేను చచ్చేలోపల ఒక్కటి సరిగ్గా జరిగితే చాలనుకుంటి" అంది. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

నల్లబల్ల మీద పైమెట్టు గురించి నేను చెప్పే పాఠం గుర్తొచ్చింది. ఆ మెట్టెక్కిన మనిషి వెనక్కి తిరిగి చూసుకుంటాడు, అంతా సరిగ్గానే జరిగిందా అని. సరిగ్గా జరిగిందనుకుంటే నెమ్మది, లేకపోతే దిగులు. నడివయసు మెట్టు మీద నా బోటివాళ్లకి ఇంకో పని ఉంటుంది. వెనక వచ్చేవాళ్లకి ఏదైనా అందించడం. క్లాసులో ఈ రెండూ చెప్పడానికి అరగంట చాలు.

మాట్లాడకపోయినా మా అత్త వంట మానలేదు. "అబ్బయా, మీ నాయన్ని అన్నానికి రమ్మను" అని సాగర్‌తో చెప్పేది. నేను పక్కనే ఉండేవాణ్ణి. వాడు నా చెవి దగ్గరకొచ్చి చెప్పేవాడు. కంచంలో ఎప్పటిలాగే నాకు ఇష్టమని అడుగంటిన అన్నం పక్కన పెట్టేది.

ఈస్టరు ముందు శనివారం సోమశిలకి లారీలో వెళ్లాం. మా దగ్గర అంత నీళ్లుండే చోటు అదే. సాగర్ తెల్లచొక్కా వేసుకుంటానంటే వేశాను. కాదనడానికి ఏం కారణం చెప్పాలి. ఒడ్డున రాళ్ల మీద నా పక్కన కూర్చున్నాడు. నడుం లోతు నీళ్లలో ప్రేమానందం ఒక్కొక్కరినీ వెల్లకిలా ముంచి లేపుతున్నాడు. మొదటి పిల్లవాడు మునగ్గానే సాగర్ గభాల్న లేచి నిలబడ్డాడు. నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. పిల్లవాడి తల పైకొచ్చింది.

"వచ్చినాడు" అన్నాడు సాగర్.

ప్రతి ఒక్కరికీ అంతే. మునిగితే లేచి నిలబడడం, తేలితే వచ్చినాడు, వచ్చింది అని నవ్వడం. ఒక్కరు కూడా తేలతారని ముందుగా నమ్మలేదు. చివరి పిల్ల తేలేసరికి నా భుజం నొప్పి పుట్టింది. పక్కన కూర్చున్నవాళ్లు కూడా వాడితో కలిసి వచ్చింది, వచ్చింది అంటున్నారు.

*

మర్నాడు ఈస్టరు. ఆ ఏడు అది మొదటి ఆదివారమే అయింది. గుడి నిండిపోయింది. కొత్తగా బాప్తిస్మం పొందిన పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లకి ఇదే మొదటి ముక్క. పళ్లెం మీద గుడ్డ తీయగానే సాగర్ చెయ్యి చాపాడు. పళ్లెం ముందు వరసలోనే ఉంది. మా వరస చేరడానికి చాలాసేపు పడుతుంది. వాడు చెయ్యి దించలేదు. అరచెయ్యి కింద ఇంకో చెయ్యి ఆనించుకున్నాడు. వాళ్లమ్మ నేర్పిన పద్ధతి.

ఏం చేయాలో నేను ముందుగా అనుకోలేదు. సగం పెడితే సంఘం మాట తప్పినట్టు. అది ప్రేమానందం మెడకి చుట్టుకుంటుంది. పెట్టకుండా నేను తింటే వాడు ఏడుస్తాడు. నాకు తెలిసిన శాస్త్రంలో గానీ, నేను చదివిన వాక్యంలో గానీ ఆ నిమిషానికి పనికొచ్చేది ఏదీ కనబడలేదు.

రాజమోహన్ పళ్లెం పట్టుకుని వచ్చాడు. సాగర్ చేతిని దాటించి నా ముందు చాపాడు. దాటించేటప్పుడు ఆయన కళ్లు దించుకున్నాడు. నా చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. లేవలేదు.

"సార్" అన్నాడు రాజమోహన్, నాకు మాత్రమే వినబడేలా.

"పోనియ్ రాజమోహన్."

ఆయన వెంటనే కదల్లేదు. తర్వాత పక్కవాళ్లకి చాపాడు.

పళ్లెం పోతున్న వైపు సాగర్ చూశాడు. కింది పెదవి ముందుకొచ్చింది. ఏడవబోయేముందు ఎప్పుడూ అట్లాగే వస్తుంది. ఏడవకుండా నా చేతివైపు చూశాడు. నా పిడికిలి విప్పాడు. ఏమీ లేదు. రెండో చెయ్యి విప్పాడు. చొక్కా జేబులో వేళ్లు పెట్టి వెతికాడు. నా నోరు తెరిపించి చూశాడు. అన్నీ చూశాక కాసేపు ఆలోచించాడు.

"నాయనకీ లేదు" అన్నాడు.

చాపిన చెయ్యి దించి నా చేతి మీద పెట్టాడు. ఏడవలేదు. ఏంజెలిన్ పోయాక, ముక్క అందని మొదటి ఆదివారాల్లో వాడు ఏడవకుండా కూర్చున్నది ఆ ఒక్కసారే. ఆ మెట్టు మీద ఉన్న పిల్లలకి న్యాయం అంటే అందరికీ సమానంగా ఉండడం. ఇస్తే ఇద్దరికీ, లేకపోతే ఇద్దరికీ లేదు. ద్రాక్షరసం గ్లాసులు వచ్చినప్పుడు కూడా వాడు నా మొహమే చూశాడు. నేను తీసుకోలేదు. వాడు తృప్తిగా తల ఊపాడు.

గుమ్మం దగ్గర ప్రేమానందం నా చెయ్యి వదల్లేదు.

"ఎందుకట్ట చేసినారు సార్?"

"పక్కన వాడికి లేకుండా తినేదానికి మనసు రాలేదయ్యా."

"నిబంధన మార్చాలంటే నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు సార్."

"మార్చమని నేననలా. నీకు చెప్పింది నేనే గదా. అది సరైందే" అన్నాను. నిజంగానే అది సరైందే. అప్పుడు అతను నా చెయ్యి వదిలాడు.

ఎస్తేరమ్మ మెట్ల కింద నిలబడి ఉంది. సాగర్ని పిలవలేదు. నా వైపే చూసి, "పా, ఎండెక్కింది" అంది.

ముగ్గురం ఇంటికొచ్చేసరికి దేవకమ్మ తన అరుగు మీద గరిటెలు ముందు పోసుకుని కూర్చుని ఉంది.

"పెట్టినారా అబ్బయా?" అని అడిగింది సాగర్ని.

"నాయనకీ పెట్టలా."

దేవకమ్మ చేతిలో గరిటె ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం సార్, మీరూ తప్పినారా?"

"తప్పినాను దేవకమ్మా."

"ఐతే ఇద్దురూ రాండి. రుద్దేదానికి మనుషుల్లేక చస్తుండా" అని ఒక ఉప్పుకాగితం మా వైపు విసిరింది.

మా అత్త గొణుక్కుంటూ లోపలికి పోయింది. నేను ఈస్టరు బట్టలతోనే దేవకమ్మ అరుగు మీద కూర్చున్నాను. సాగర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నా చేతులు ఖాళీగా ఉన్నాయని వాడికి కనబడింది. కాగితాన్ని మోకాలి మీద పెట్టి మడిచి, గోటితో గీసి, జాగ్రత్తగా చించాడు. ఒక ముక్క నా అరచేతిలో పెట్టాడు.

"రెండు" అన్నాడు.